సమాధానం: నాకు వివక్ష లేదు, కానీ సెలెక్షన్ చూస్తే అలా లేదు

అన్నా, నయీంనగర్‌లో మీ కోచింగ్ సెంటర్‌కు తీసుకున్న టీచర్లంతా ఒకే రకం వాళ్లు ఎందుకయ్యారని మీ చెల్లెలు అడిగిందన్నారు. "నా మనసులో అట్లాంటిదేమీ లేదు" అనీ రాశారు. నిజమే కావచ్చు. మనకు తెలియకుండానే చెయ్యి ఒక రెజ్యూమెను పక్కకు పెట్టేస్తుంది, చిక్కంతా అక్కడే.

అమెరికాలో 2004లో అచ్చైన ఒక అధ్యయనం కోసం బోస్టన్, షికాగోలలోని ఉద్యోగ ప్రకటనలకు సుమారు 5,000 కల్పిత రెజ్యూమెలు పంపారు. తెల్లవాళ్ల పేర్లున్న వాటికి పదింటికి ఒక కాల్ వస్తే, నల్లజాతి పేర్లున్న వాటికి పదిహేనింటికి ఒకటి వచ్చింది. మన దగ్గర ఇంటిపేరు, ఊరు చాలు. అడ్రస్‌లో 'తండా' అని కనబడగానే 'ఇంగ్లీష్ వస్తదో లేదో' అని డౌట్. హన్మకొండ అడ్రస్ ఉన్నోళ్ల మీద ఆ డౌట్ రానే రాదు!

మీరు చూడకముందే ఆఫీస్‌లో ఎవరితోనైనా పేరు, తండ్రి పేరు, ఫొటో, అడ్రస్ కప్పించి, నంబర్లు వేయించి జిరాక్స్ తీయించండి. డెమో క్లాస్‌కు అందరికీ ఒకటే పాఠం ఇవ్వండి. ఎవరి మార్కులు వాళ్లు రాశాకే మాట్లాడుకోండి, లేకపోతే ముందు నోరు తెరిచినాయన మాటే నడుస్తుంది. 'మనకు సెట్ కాడు' అంటే ఒప్పుకోవద్దు. ఏం రాలేదో కాగితం మీద రాయాల్సిందే.

మనసులో దాగున్న వివక్షను కొలిచేందుకు పెట్టిన హార్వర్డ్ ఆన్‌లైన్ టెస్ట్ సంగతి అడిగారు. సరదాకు రాయండి, టెన్షన్ పడకండి. అదే మనిషి మళ్లీ రాస్తే స్కోరు మారొచ్చు. పోయినసారి పక్కన పెట్టిన అప్లికేషన్లు ఇంకా ఉంటే, ముందు వాటిని ఇలా పేర్లు కప్పి చూడండి.