ఏ ఊరి కొత్తపేట?

సందేహం: గుంటూరులో కొత్తపేట ఉంది, విజయవాడలో ఉంది, హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ పక్కన ఉంది. కోనసీమలో ఏకంగా మండల కేంద్రమే ఉంది. ఇన్నిచోట్ల ఒకే పేరెందుకు? హైదరాబాద్ దాన్ని ‘కొత్తపేట్’ అని రాస్తే తేడా తెలుస్తుంది కదా, అలా రాయవచ్చా?

సమాధానం: తేడా తెలియడానికి మాట తోక కత్తిరించాలా? ఆ సంగతికి తర్వాత వద్దాం, ముందు పేట సంగతి చూడాలి. మూడు పేటల గొలుసులో పేట వేరు, దాన్ని పక్కన పెట్టండి.

కోట లోపల రాజు, ఆయన పరివారం. కోట బయట వర్తకులు, చేతిపనులవాళ్ళు, అంగళ్ళు. ఆ బయటి బజారుకే పేట అని పేరు. తమిళులకు పేట్టై, కన్నడిగులకు పేటె. ఇంగ్లీషువాళ్ళు నోరు తిరిగినట్టు ‘పెట్టా’ అని రాసుకున్నారు. 1791లో ఇంగ్లీషు గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ బెంగళూరు మీదికి దండెత్తి వచ్చినప్పుడు మార్చి 7న ఆయనకు చిక్కింది పేట మాత్రమే. కోట చిక్కేసరికి 21వ తేదీ అయింది. ఊరొకటే, పట్టుకోవడం రెండుసార్లు! అక్కడి చిక్కపేట ఇప్పటికీ బజారే. కొలంబోలో ‘ఫోర్ట్’ను ఆనుకునే ‘పెట్టా’ ఉంది. తిరువనంతపురంలో పేట పేరుతో రైల్వే స్టేషనే ఉంది.

ఉన్న బజారు చాలక ఇంకొకటి వెలిస్తే జనం దాన్ని కొత్తపేట అనక ఏమంటారు? ఎవరి ఊళ్ళో వాళ్ళు అనుకున్న మాటే తప్ప ఒకరిని చూసి ఒకరు పెట్టుకున్నది కాదు. పేటకు పెద్దమనుషుల పేరు తగిలిస్తే ఈ గొడవ ఉండదు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు బేతవోలును తండ్రి పేరిట జగ్గయ్యపేట చేశాడు, ఇక ఏ జగ్గయ్య అని అడిగే పని లేదు.

ఇంతకన్నా ముచ్చటైన పేరు చిలకలూరిపేట. చిలకలూరు, చిలకలూరి, చిలకలూరిపేట. ఏ ఊరి పేట అన్న ప్రశ్నకు జవాబు పేరులోనే ఉంది! మన వ్యాకరణం ఇంత సులువైన దారి చూపిస్తుంటే మనం ‘పేట్’ వెంట పడ్డాం. ఉర్దూ నోట చివరి అచ్చు నిలవలేదు, ఇంగ్లీషు బోర్డు దాన్ని ఖాయం చేసింది. ఆ బోర్డు చూసి తెలుగు బోర్డు రాసేవాళ్ళు పొల్లుతో సహా దించేశారు. టీవీ స్క్రోలింగుల్లో ‘సిద్దిపేట్’ అని కనబడితే చదివేవాడికి టెన్షన్, రాసినవాడికేమీ లేదు.

అమీర్‌పేట్, బేగంపేట్ లాంటివి జనం నోట ఎప్పుడో స్థిరపడ్డాయి, వాటి జోలికి నేను వెళ్ళను. కొత్తపేటలో మాత్రం రెండు ముక్కలూ తెలుగే కాబట్టి కొత్తపేట అని రాయడమే నాకు నచ్చుతుంది. ‘పేట్’ అని రాసినవారిని తప్పుపట్టేంత పట్టుదలా లేదు. తేడా చెప్పాలంటే గుంటూరు కొత్తపేట, హైదరాబాద్ కొత్తపేట అనండి, చాలు. బ్రాకెట్లో జిల్లా పేరు పెడతానంటే మీ ఇష్టం. 2022 ఏప్రిల్ దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న కొత్తపేట ఇప్పుడు కోనసీమ జిల్లాలో ఉంది, పాత శుభలేఖల్లో బ్రాకెట్లన్నీ దిద్దుకోవాలి మరి!