మేనేజర్ మెసేజ్ వస్తే గుండె దడ

ప్రశ్న: మేడం, నేను ఒక కంపెనీలో అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. పని కొత్తదీ కాదు, చేతకానిదీ కాదు. కానీ మేనేజర్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చిన చప్పుడైతే చాలు, గుండె దడదడలాడుతుంది. సాయంత్రానికి మెడ, భుజాలు బిగుసుకుపోతాయి. నెలాఖరులో ఇంట్లోవాళ్ల మీద ఊరికే విసుక్కుంటున్నాను. అందరూ ‘యోగా చెయ్యి, టెన్షన్ పడకు’ అంటారు. రోజంతా కుర్చీలో ఉండేదాన్ని, ఎప్పుడు చెయ్యను? సీట్లోనే చేసుకోగలిగినవి ఏమైనా ఉంటే చెప్పండి.

జవాబు: ‘టెన్షన్ పడకు’ అని సలహా ఇచ్చేవాళ్లంటే నాకు ఎప్పటినుంచో ఒళ్లు మంట. కావాలని ఎవరు పడతారు? ఉద్యోగమంతా సిబ్బంది వ్యవహారాలు చూసి రిటైరైనదాన్ని. ఈ మాట అన్నవాళ్లే తమదాకా వచ్చేసరికి లీవు లెటర్ పట్టుకుని నా టేబుల్ ముందు నిలబడేవారు.

ముందు దడ సంగతి చూద్దాం. ఆ చప్పుడు వినగానే మీ ఒళ్లు దాన్ని ప్రమాదం కిందే జమకడుతోంది. అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి. పోట్లాడ్డానికో పారిపోవడానికో శరీరం ఇలా సిద్ధపడుతుందని వాల్టర్ కానన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1915లోనే రాశారు. మేనేజర్‌తో మీరు పోట్లాడలేరు, లేచి పారిపోనూ లేరు. బిగుసుకున్న ఒళ్లు అలాగే కుర్చీలో ఉండిపోతోంది.

దీనికి సీట్లోనే చేసుకునే ఉపాయం ఊపిరి. గాలి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. కాబట్టి వదలడం మీదే దృష్టి పెట్టండి. ముక్కుతో నిండుగా పీల్చి, దాని మీదే ఇంకో చిన్న గుక్క పీల్చి, నోటితో తీరిగ్గా చివరిదాకా వదిలేయండి. 2023లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని రోజుకు 5 నిమిషాల చొప్పున నెలరోజులు చేయించి చూశారు. ధ్యానం చేసినవాళ్ల కంటే వీళ్ల మనసు ఎక్కువ తేలికపడిందని తేలింది. మెసేజ్ రాగానే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది కదా, అక్కడ ఆపండి. ఇలా రెండుసార్లు ఊపిరి వదిలి అప్పుడు చూడండి. ఆ మాత్రం ఆలస్యానికి ఏ లెక్కా తప్పిపోదు.

భుజాలకు వేరే ఉపాయం. వాటిని చెవులదాకా ఎత్తి, ఐదారు సెకన్లు గట్టిగా బిగించి, ఒక్కసారిగా వదిలేయండి. కాసేపు ఆ తేడాను గమనించి, పిడికిళ్లకూ ఇలాగే చెయ్యండి. ఎడ్మండ్ జేకబ్సన్ అనే డాక్టర్ దాదాపు వందేళ్ల కిందట ఇలా ఒంట్లో ఒక్కో కండరాన్నీ వదులు చేసుకునే పద్ధతిని తీర్చిదిద్దారు. ఈ మాటలు చదువుతున్నప్పుడు మీ పైపళ్లూ కిందిపళ్లూ ఒకదానికొకటి నొక్కుకుని ఉన్నాయేమో చూసుకోండి. పెదాలు మూసి ఉన్నా పళ్ల మధ్య సందు ఉండాలి. దవడ బిగించి కూర్చునే అలవాటు చాలామందికి ఉంటుంది. కణతల నొప్పి వచ్చేదాకా తెలియదు, అంతే.

ఇవన్నీ మంట మీద నీళ్లు చల్లడంలాంటివి. మంట ఎందుకు రేగుతోందో కూడా చూడాలి. రాబర్ట్ కారసెక్ అనే పరిశోధకుడు 1979లో చెప్పిన విషయం నేను ఉద్యోగంలో కళ్లారా చూశాను. పని ఎక్కువై నలిగేవాళ్లు కొందరే. పనీ ఎక్కువై, దాన్ని ఎప్పుడు, ఎలా చెయ్యాలో తమ చేతుల్లో లేనివాళ్లే ఎక్కువ నలుగుతారు. మీ విషయంలో చేతికి అందే పగ్గం ఒకటుంది. మేనేజర్ ఏదైనా అడిగినప్పుడు ‘సరే సార్’ అని ఊరుకోకండి. ‘సార్, ఇది ఇప్పుడే కావాలా, రేపు 11 గంటలకు ఇవ్వనా? ఇప్పుడే అంటే బ్యాంకు లెక్కలు సరిచూసే పని రేపటికి పోతుంది, ఫరవాలేదా?’ అని అడగండి. చాలామంది బాసులు తాము మర్చిపోతామని గుర్తొచ్చినప్పుడల్లా మెసేజ్ కొట్టేస్తారు, అంతే తప్ప తొందరేమీ ఉండదు. ‘అర్జెంటైతే ఫోన్ చెయ్యండి సార్, మెసేజ్‌లు గంటకోసారి చూస్తాను’ అని ముందే చెప్పుకుని, చప్పుడు ఆపెయ్యండి. మీ మేనేజర్ అందుకు ఒప్పుకోకపోతే, కనీసం ఆయన మెసేజ్‌కి వేరే శబ్దం పెట్టుకోండి. ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడే బాధైనా తప్పుతుంది.

నెలాఖరు గొడవ చాలావరకు మీది కాదు, పక్క సెక్షన్లది. వాళ్లు బిల్లులు ఆఖరి రోజున తెచ్చి పడేస్తారు. 20వ తారీఖుకల్లా అందరికీ ఒక మెయిల్ పెట్టి, కాపీ మేనేజర్‌కి వెయ్యండి. ఆలస్యం ఎవరిదో ఆయనకు తెలిసిపోతుంది.

దడతో పాటు ఛాతీనొప్పి గానీ ఆయాసం గానీ ఉంటే ఇవేవీ చేస్తూ కూర్చోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: రాత్రి పక్క మీదికి చేరగానే మర్నాటి ఆఫీసు పనులే బుర్రలో తిరుగుతున్నాయి. నిద్ర పట్టడం లేదు.

జవాబు: పడుకునే ముందు వాటిని కాగితం మీద పెట్టండి. 2018లో అమెరికాలో బేలర్ యూనివర్సిటీ వాళ్లు ఇదే పరీక్షించారు. చెయ్యాల్సిన పనులు 5 నిమిషాలు రాసుకున్నవాళ్లు, అయిపోయిన పనులు రాసుకున్నవాళ్ల కంటే త్వరగా నిద్రపోయారు. వివరంగా రాసినకొద్దీ ఇంకా త్వరగా. ‘రిపోర్ట్’ అని రాసి వదిలేస్తే లాభం లేదు. ‘రిపోర్ట్ మూడో పేజీలో టోటల్ సరిచూడాలి’ అని రాయండి. ఫోన్‌లో వద్దు. రాద్దామని తెరిస్తే ఆఫీసు గ్రూపు ముందు కనిపిస్తుంది.

ప్రశ్న: బర్న్‌అవుట్ అని చెప్పి సెలవు అడగొచ్చా? అది జబ్బేనా?

జవాబు: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల జాబితాలో బర్న్‌అవుట్‌ను జబ్బుగా చూపలేదు, ఉద్యోగం వల్ల వచ్చే పరిస్థితిగా పేర్కొంది. నీరసం, పనంటే విముఖత, ఏం చేసినా సరిగ్గా చెయ్యలేకపోతున్నామన్న భావన దాని లక్షణాలు. సెలవు పెట్టండి, తప్పులేదు. కానీ వెళ్లేముందే పై ఆఫీసర్‌తో కూర్చుని, మీ దగ్గరున్న పనుల్లో ఏవి ఇంకొకరికి అప్పగిస్తారో తేల్చుకోండి. లేకపోతే పదిరోజుల ఫైళ్లన్నీ మీ టేబుల్ మీదే మీకోసం ఎదురుచూస్తుంటాయి.