మూడున్నరేళ్ళ పాప పూజలో కూర్చోదు, భక్తి ఎలా అలవాటు చేయాలి? మా ఇంట్లో జరిగింది చెబుతాను

మీ పాప పూజ దగ్గర రెండు నిమిషాలు కూడా కుదురుగా ఉండదనీ, బడిలో వేసేలోగా నాలుగు శ్లోకాలైనా నేర్పాలని ఇంట్లో పెద్దవాళ్ళు పట్టుబడుతున్నారనీ రాశారు. మా అమ్మాయికి ఆ వయసప్పుడు నేనూ ఇదే టెన్షన్ పడ్డాను. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్ళు.

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. అల్లరి చేసినప్పుడల్లా "సామి చూస్తున్నాడు, కళ్ళు పోతాయి" అనేదాన్ని. చిన్నప్పుడు మా అమ్మ నన్ను అలాగే అనేది, నా నోటికీ అదే వచ్చింది. ఒకరోజు పాప పాలు ఒలకబోసింది. నేను ఏమీ అనకముందే పరిగెత్తి దేవుడి గది తలుపు వేసి వచ్చింది. ఎందుకమ్మా అంటే, "సామి చూడకూడదు" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఆ మాట మానేశాను, ఇంట్లో అందరినీ మానమని బతిమాలాను. అయినా అది ఆ గదిలోకి మళ్ళీ మామూలుగా వెళ్ళడానికి నెలలు పట్టింది.

మార్పు మొదలైంది వినాయక చవితికి. మా అత్తగారి ఊరు రాజమండ్రి దగ్గర. పత్రి బజారులో కొనకుండా మా అత్తయ్య పాపను వెంటబెట్టుకుని చేలగట్ల మీదికి బయలుదేరింది. పూజకు 21 రకాల ఆకులు చెప్తారు కదా, మాకు పదమూడో పద్నాలుగో దొరికాయి. ఉత్తరేణి, రేగు, మామిడి, జమ్మి, దానిమ్మ, గరిక... ప్రతి ఆకూ పాప వాసన చూసి బుట్టలో వేసింది. (ఆ 21లో ఉమ్మెత్త, గన్నేరు విషం. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. వాటిని పెద్దవాళ్ళే కోయాలి, చేతులు కడుక్కోవాలి.) కోసే ముందు అత్తయ్య చెట్టుతో "ఒక్క ఆకు ఇవ్వు తల్లీ" అనేది. మర్నాడు పూజ అయ్యేదాకా పాప కదలలేదు. పత్రి వేసేటప్పుడు "ఇది నేను తెచ్చింది" అని ఒక్కో ఆకూ గుర్తుపట్టింది. ఆ తర్వాత చాలా రోజులు మందారం కోయాలన్నా చెట్టును అడిగే కోసింది. అలా అడగమని మేమెవరం చెప్పలేదు.

కథలు కూడా అలాగే పనిచేశాయి. కార్తీకమాసం ముగిసిన మర్నాడు, పోలి పాడ్యమికి గోదావరిలో అరటి దొప్పల దీపాలు వదిలి వచ్చాక అత్తయ్య పోలి కథ చెప్పింది. అత్త తనను ఇంట్లో వదిలేసి నదికి దీపాలు పెట్టడానికి వెళ్ళిపోతే, రాలిన పత్తితో ఒత్తి చేసి, కవ్వానికి అంటిన వెన్నతో దీపం పెట్టి, ఎవరికీ కనబడకుండా బుట్ట బోర్లించిన పోలి కథ. "బుట్ట కింద దీపం ఆరిపోలేదా?" అని పాప అడిగింది. నీతి చెప్పాలని నేను నోరు తెరవబోతే అత్తయ్య కళ్ళతోనే వద్దంది. వారం రోజులు అది ఆ దీపం గురించే అడిగింది.

శ్లోకాల గురించి బెంగ వద్దు. రోజూ వింటే వాటంతట అవే వస్తాయి. చుట్టాల ముందు మాత్రం చెప్పించకండి. మా పాప అలా ఒకసారి తడబడి, ఆరు నెలలు నోరు విప్పలేదు.

అన్నిటికన్నా కష్టమైంది మా నాన్న పోయినప్పుడు. "తాతయ్యను దేవుడు తీసుకెళ్ళాడు" అన్నారెవరో. "అయితే దేవుడు చెడ్డవాడు, తాతయ్యను ఇచ్చెయ్యమను" అని ఏడ్చింది. తప్పు, అలా అనకూడదు అని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. ఎత్తుకుని, "తాతయ్య చనిపోయారమ్మా, ఇక రారు. ఎందుకిలా జరిగిందో నాకూ తెలీదు, నాకూ ఏడుపొస్తోంది" అన్నాను. ఇద్దరం ఏడ్చాం. సాయంత్రం అదే వచ్చి, "తాతయ్యకి దీపం పెడదామా" అంది.

అందుకే మీ పాపను కూర్చోమని అడగకండి. చేతికో పని ఇవ్వండి. పూలు సర్దడం, గంట కొట్టడం, ప్రసాదం పంచడం, ఏదైనా సరే. నిప్పు జోలికి మాత్రం వద్దు. మీ అత్తగారినో అమ్మగారినో శ్లోకాలు నేర్పమనే బదులు పాపతో కలిసి ఆ పని చేయమనండి, వాళ్ళ పట్టుదలా మెత్తబడుతుంది. మా అమ్మాయి వాటా తులసికోటకు నీళ్ళు పోయడం. ఇప్పటికీ బడికి ఆలస్యమవుతున్నా సరే, పోసే వెళ్తుంది.