షాపు లైట్ల కోసం పాప ఎఫ్‌డీ తీయొచ్చా?

ప్రశ్న: చీరాలలో అద్దె షాపులో చేనేత చీరలు అమ్ముతున్నాను. షాపు 600 చదరపు అడుగులు. పాత మెటల్ హాలైడ్ లైట్లు 24 ఉన్నాయి. రంగు సరిగ్గా తెలియక కస్టమర్లు చీర పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి చూస్తున్నారు. ఇంటికెళ్లాక రంగు వేరేగా ఉందని వెనక్కి తెచ్చేవాళ్లూ ఉన్నారు. కొత్త లైటింగ్‌కు ఒక డిజైనర్ 4 లక్షల 80 వేలకు కొటేషన్ ఇచ్చారు. పాప పేరున 5 లక్షల ఎఫ్‌డీ ఉంది, అది తీసేద్దామా? తెలిసినవాళ్లు రెండు రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు. ఆన్‌లైన్‌లో దొరికే 600 రూపాయల లైట్లతో సరిపెట్టుకోవచ్చా? అద్దంలో పెట్టిన చీరలు వెలిసిపోయి ఏటా ఐదారు సగం ధరకు అమ్ముతున్నాను. బ్యాంకు కరెంట్ ఖాతాలో లక్షా 20 వేలు ఉన్నాయి. కొటేషన్, కరెంటు బిల్లు, షాపు ఫొటోలు జత చేశాను.

జవాబు: అమ్మా, పాప ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. లైట్లు మాత్రం తప్పకుండా మార్చండి, అయితే ఈ కొటేషన్ ప్రకారం కాదు.

ముందు కొటేషన్ చూద్దాం. ఒక్కోటి 6,500 చొప్పున 40 ఎల్ఈడీ ట్రాక్ లైట్లకు (పట్టీకి బిగించి అటూ ఇటూ జరుపుకునేవి) 2 లక్షల 60 వేలు, ట్రాకులు, వైరింగ్‌కు 70 వేలు, ఫాల్స్ సీలింగ్‌కు, మొబైల్‌తో వెలుతురు తగ్గించి పెంచే ఏర్పాటుకు లక్షన్నర. అడుగున చిన్న అక్షరాల్లో ‘జీఎస్టీ అదనం’ అని ఉంది. 18 శాతం కలిపితే మొత్తం 5 లక్షల 66 వేలు దాటుతుంది. అంటే పాప ఎఫ్‌డీ మొత్తం పెట్టినా చాలదు.

మీది పదకొండు నెలలకోసారి అగ్రిమెంట్ రాసుకునే షాపు. రేపు ఖాళీ చేయాల్సి వస్తే ట్రాకులు, లైట్లు విప్పుకుని వెళ్లిపోవచ్చు. ఫాల్స్ సీలింగ్ ఓనర్‌గారికే మిగిలిపోతుంది. అద్దె షాపుకు అప్పు చేసి సీలింగ్ వేయించడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. ఆ లక్షన్నర కొట్టేయండి.

ఇక 40 లైట్లు ఎందుకు? షాపంతా ఒకే తీరుగా వెలిగిపోతే ఏ చీరా ప్రత్యేకంగా కనపడదు. వెలుగు సరుకు మీద పడాలి. నడిచే దారికి, గోడలకు ఆ పక్క వెలుగు చాలు. మీరు పంపిన ఫొటోలు చూస్తే షోకేసు అద్దాల ముందు నాలుగు, చీరలు పరిచి చూపించే చోట ఎనిమిది, అరల మీదికి పన్నెండు సరిపోతాయి, మొత్తం 24. బొమ్మలకు కట్టిన చీరల మీదికి 24 డిగ్రీల బీమ్ (వెలుగు విచ్చుకునే వెడల్పు), అరలకు 36 డిగ్రీలు తీసుకోండి. లైటు నిటారుగా కిందికి కాకుండా ముప్పై డిగ్రీలు వాల్చి పెట్టించండి. మ్యూజియంలలో బొమ్మల మీదికి వెలుగు వేసేదీ ఇంచుమించు ఈ కోణంలోనే. చూసేవాళ్ల కళ్లలో కొట్టదు, అద్దం మీద మెరుపూ తగ్గుతుంది.

మీ అసలు సమస్య వెలుతురు చాలకపోవడం కాదు, రంగు సరిగ్గా కనపడకపోవడం. డబ్బు పెట్టాల్సింది అక్కడే. లైటు కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే కొలతను సీఆర్ఐ అంటారు, 100కి లెక్క. చవక లైట్లకు 80 దరిదాపుల్లో ఉంటుంది. చీరల షాపుకు 90కి తగ్గకూడదు. దానితోపాటు ఆర్9 అనే అంకె అడగండి. ముదురు ఎరుపు ఎలా కనపడుతుందో చెప్పేది అదే. మామూలు సీఆర్ఐ లెక్కలో అది కలవదు కాబట్టి సీఆర్ఐ బాగున్న లైటుకు కూడా ఆర్9 తక్కువ ఉండొచ్చు. కనీసం 50 ఉండాలి. పెళ్లి చీరల్లో ఎరుపు, మెరూన్ ఎంత అమ్ముతారో నాకంటే మీకే బాగా తెలుసు.

వెలుగు రంగు గురించి కూడా ఒక మాట. 3,000 కెల్విన్ పసుపు వెలుగులో జరీ బ్రహ్మాండంగా కనపడుతుంది, కానీ తెలుపు, నీలం దెబ్బతింటాయి. అద్దాల ముందు 3,000 పెట్టి, చీరలు పరిచి చూపించే చోట 4,000 పెట్టండి. ఒకే చోట రెండూ కలపొద్దు.

ఆర్డర్ ఇచ్చే ముందు రెండు శాంపిల్ లైట్లు తెప్పించి పగటిపూట షాపులోనే వెలిగించండి. ఒక మెరూన్ కుప్పడం, ఒక నేవీ బ్లూ, ఒక నలుపు చీర పక్కపక్కనే పరవండి. తర్వాత అవే మూడింటినీ గుమ్మం దగ్గర ఎండ వెలుగులో చూడండి. లైటు కింద మెరూన్ మట్టి రంగులోకి పోయినా, నేవీ బ్లూకీ నలుపుకీ తేడా తెలియకపోయినా ఆ లైటు వెనక్కి పంపేయండి. అలాగే ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. నల్ల చారలు కదులుతుంటే డ్రైవర్ (లైటుకు కరెంటు సరిచేసి ఇచ్చే భాగం) నాసిరకం. మీరు వీడియో కాల్‌లో కూడా చీరలు చూపించి అమ్ముతున్నారు కాబట్టి ఇది మీకు చాలా ముఖ్యం.

డబ్బాల మీద 50,000 గంటలు అని రాసి ఉంటుంది. అది ఎల్ఈడీ వెలుగు సాధారణంగా 70 శాతానికి తగ్గడానికి పట్టే కాలం. ముందు పోయేది లోపలి డ్రైవర్. దాన్ని విడిగా మార్చుకునే వీలు, డ్రైవర్‌తో కలిపి ఐదేళ్ల వారంటీ, రెండూ బిల్లు మీద రాయించుకోండి. 600 రూపాయల లైట్లలో ఇవేవీ దొరకవు. స్టాకు గదికి, మెట్లకు అవి నిక్షేపంగా పనికొస్తాయి, అక్కడ వేసుకోండి.

మీ ఉత్తరంలో ఇంకో నష్టం ఉంది, దాన్ని మీరు లెక్కలోకి తీసుకోలేదు. అద్దంలో పెట్టిన చీరలు మడత గీత వెంట వెలిసిపోయి ఏటా ఐదారు సగం ధరకు అమ్ముతున్నానని రాశారు. మ్యూజియంలలో పాత బట్టలపై వెలుగు 50 లక్స్ (వెలుతురు ఎంత పడుతోందో చెప్పే కొలత) దాటనివ్వరు. రోజుకు 8 గంటలు, 300 రోజులు అనుకుంటే ఏడాదికి 1,20,000 లక్స్ గంటలు. మీ అద్దంలో 1,000 లక్స్ పడుతూ రోజుకు 11 గంటలు వెలిగితే అంత వెలుగు పదకొండు రోజుల్లోనే పడిపోతుంది. ఎండ దానికి అదనం. ఎల్ఈడీల నుంచి అతినీలలోహిత కిరణాలు దాదాపు రావు కాబట్టి కొంత మేలు, కానీ కంటికి కనిపించే వెలుగు కూడా రంగును తినేస్తుంది. అద్దంలో చీరలు వారానికోసారి మార్చండి, మడత తిప్పి పెట్టండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు లెక్క. 24 లైట్లకు 1,56,000, ట్రాకులు, వైరింగ్‌కు 45,000, జీఎస్టీ 36,180. మొత్తం 2,37,180. మీరు నెలనెలా రిటర్నులు వేసే రెగ్యులర్ పద్ధతిలోనే ఉన్నారు కాబట్టి ఆ జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవడానికి వాడుకోవచ్చు. అప్పుడు ఆ పన్నును ఆస్తి విలువలో కలిపి తరుగుదల చూపించకూడదు, రెండిట్లో ఒకటే. ఈ సంగతి మీ ఆడిటర్‌కు ముందే చెప్పండి.

పాత లైటు 70 వాట్లదే అయినా చోక్‌తో కలిపి 85 దాకా లాగుతుంది. 24 లైట్లకు 2,040 వాట్లు. కొత్తవి 30 వాట్ల చొప్పున 720. రోజుకు 11 గంటలు, నెలకు 26 రోజులు, మీ బిల్లు ప్రకారం యూనిట్ సగటున 10 రూపాయలు వేసుకుంటే నెలకు దాదాపు 3,770 మిగులుతుంది. లైట్ల వేడి తగ్గి ఏసీకి మిగిలేది ఇందులో కలపలేదు.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 2 లక్షలకు నెలకు వడ్డీయే 4,000. కరెంటులో మిగిలేదంతా దానికే పోతుంది, అసలు ఒక్క రూపాయి తగ్గదు. ఆ మాట మర్చిపోండి. పాప ఎఫ్‌డీ ముందే తీస్తే వడ్డీ కోత పడుతుంది. మైనర్ పేరున ఉన్న డిపాజిట్‌ను ఆ బిడ్డ అవసరానికే వాడుతున్నామని బ్యాంకులు రాసివ్వమంటాయి కూడా. అది పాప చదువు డబ్బు, షాపు ఖర్చుకు ముట్టుకోకూడదు.

కేంద్ర ప్రభుత్వ ముద్ర రుణ పథకంలో కిశోర్ అనే విభాగం కింద 50 వేల నుంచి 5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. 2 లక్షలకు అడగండి. 11 శాతం, మూడేళ్లు అనుకుంటే ఈఎంఐ 6,550 దాకా వస్తుంది. కరెంటు ఆదా పోను జేబులోంచి పెట్టేది నెలకు 2,800 లోపే. మిగతా 37 వేలు మీ కరెంట్ ఖాతాలోని లక్షా 20 వేల నుంచి తీయండి. అందులో ఇంతకుమించి తీయొద్దు, శ్రావణ మాసానికి మగ్గాల దగ్గర సరుకు ఎత్తడానికి ఆ డబ్బు కావాలి.

బ్యాంకుకు వెళ్లేటప్పుడు ఉద్యమ్ (చిన్న వ్యాపారాల) రిజిస్ట్రేషన్, జీఎస్టీ రిటర్నులు, ఖాతా స్టేట్‌మెంట్, అద్దె అగ్రిమెంట్‌తో పాటు 24 లైట్లకే రాయించిన కొత్త కొటేషన్ తీసుకెళ్లండి. అందులో లైట్ల ధర, వైరింగ్ కూలి విడివిడిగా ఉండాలి. శాంపిల్ పరీక్షలో నెగ్గిన లైటు మోడల్ నంబరు కూడా రాయించండి.