కొత్త కారు తయారీలో బిజినెస్ అనలిస్ట్ పని ఏంటి?

కొనేవాళ్ల అవసరాన్ని, కంపెనీ బడ్జెట్‌ను, ప్రభుత్వ నిబంధనలను కలిపి ఇంజినీర్లు కొలిచి చూసుకోగలిగే షరతులుగా రాసిపెట్టడమే బిజినెస్ అనలిస్ట్ పని. కొనేవాళ్లు చెప్పే మాటతో నేరుగా డిజైన్ గీయలేరు. కారు భాగాల అచ్చులు తయారయ్యాక మార్పు అంటే ఖర్చు మామూలుగా ఉండదు, అందుకే ఈ మధ్యవర్తి.

దేవరకొండ వైపు రైతు ఒకరు "కారు ఎత్తుగా ఉండాలె" అన్నారనుకోండి. ఎందుకని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది: ఐదుగురు ఎక్కి, డిక్కీలో బస్తా వేశాక పొలం బాటలో కారు అడుగు తగులుతోంది. అనలిస్ట్ దాన్ని "నిండు బరువుతో కింద కనీసం ఇన్ని మిల్లీమీటర్ల ఖాళీ" అని రాస్తారు. ఎత్తు పెంచితే మలుపుల్లో ఒరుగుడు పెరుగుతుంది, సస్పెన్షన్ (కుదుపులు తగ్గించే స్ప్రింగుల అమరిక) ఖర్చూ మారుతుంది. పైగా పెట్రోల్ కారు పొడవు 4 మీటర్లు దాటినా, ఇంజిన్ 1200 సీసీ దాటినా జీఎస్‌టీ ఎక్కువ. ఇవన్నీ టేబుల్ మీద పెట్టేది అనలిస్ట్, తేల్చేది మేనేజ్‌మెంట్.

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ఈ ఉద్యోగానికి మెకానికల్ డిగ్రీ తప్పనిసరి అనుకునేవాళ్లు ఉన్నారు. ఉంటే మేలే, కానీ కారు గీసేది డిజైనర్లు. అమ్మకాల ఎక్సెల్ షీట్లు చూసుకునే పని అనుకోవడమూ పొరపాటే, అది ఇందులో ఒక ముక్క మాత్రమే.