నట్స్ అడుగుకి దిగడం తర్వాతి సంగతి, ముందు ఒకటి నమిలి చూశారా?

ఓవెన్ లేకుండా ఇంట్లో నట్స్ వేసి సింపుల్‌గా చాక్లెట్ కేక్ చేయడం ఎలా, చేసిన ప్రతిసారీ నట్స్ అన్నీ అడుగుకి చేరిపోతున్నాయి, ఏం చేయాలి అని అడిగారు. రెండింటికీ చెప్తాను. కానీ మీరు అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది, నాకు దాని గురించే ఎక్కువ చెప్పాలని ఉంది. కేకులో వేసే ముందు ఆ వాల్‌నట్స్‌లో ఒక్కదాన్నయినా నమిలి చూశారా?

నేను చూడలేదు. నాలుగేళ్ల కిందటి మాట. హైదరాబాద్‌లో, సైదాబాద్‌లో మా ఇల్లు, మే నెల, నాన్న పుట్టినరోజు. నాన్న ముప్పై ఏళ్లు సిటీ బస్సులో కండక్టర్‌గా చేశారు. నా చిన్నప్పుడు డ్యూటీ దిగి వస్తూ ఇరానీ హోటల్ నుంచి ఏదో ఒక పొట్లం తెచ్చేవారు. ఒకరోజు లోపల తీపి కొబ్బరి కూరిన దిల్‌పసంద్, ఒకరోజు ఉస్మానియా బిస్కెట్లు, జీతం వచ్చిన రోజైతే పైన జీడిపప్పు అద్దిన కేకు ముక్కలు. ఆ కేకులకి క్రీమ్ లేదు, పువ్వులు లేవు, పేరు రాయడం లేదు. చాయ్‌లో ముంచుకుని తినేవాళ్లం. అందుకే నాన్నకి ఇప్పటి క్రీమ్ కేకులు పడవు. "పైన పూసింది గీకేస్తే లోపల కేకేదమ్మా?" అంటారు. ఆయన అన్నది నిజమే. మా అమ్మాయి పుట్టినరోజుకి ఒక దుకాణంలో తెచ్చిన కిలో కేకులో సగానికి సగం క్రీమే వచ్చింది, నోట్లో వేసుకుంటే డాల్డా పూసినట్టు అంగిటికి అంటుకుపోయింది.

సరే, ఆ మే నెల రోజున నేనే చేద్దామని కూర్చున్నాను. మైదా, కోకో అన్నీ కొత్తగా తెచ్చాను. వాల్‌నట్స్ మాత్రం ఇంట్లో ఉన్నాయి కదా అని కొనలేదు. దీపావళికి ఎవరో ఇచ్చిన డ్రైఫ్రూట్స్ డబ్బా, బాదం, కిస్‌మిస్ అయిపోయి వాల్‌నట్స్ మిగిలాయి. అలమరలో పై అరలో ఉన్నాయి. తీసి తరిగి వేసేశాను.

కేకు చక్కగా పొంగింది, ఇల్లంతా కోకో వాసన. నాన్న ఒక పెద్ద ముక్క తిని "బాగుందమ్మా" అన్నారు. నాకెంత సంతోషమో. ప్లేటు తీద్దామని వంగితే, స్టీలు ప్లేటు అంచున ఎనిమిది వాల్‌నట్ ముక్కలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటి నోట్లోంచి తీసి, ఎవరికీ కనబడకుండా ప్లేటుకి అటువైపు పెట్టుకున్నారు. వంటింట్లోకి వెళ్లి నేనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. మొదట తియ్యగానే ఉంది. నట్ పంటి కింద పడగానే, పండగ అప్పాలు వేయించిన నూనెని రెండు నెలలు దాచి మూత తీస్తే ఎలా ఉంటుందో ఆ వాసన. ఆ తర్వాత చేదు. నీళ్లు తాగినా నాలుక వెనకాల అలాగే ఉండిపోయింది.

అమ్మ "చెడిపోయాయని చెప్పొచ్చుగా అండీ" అంటే, నాన్న "పిల్ల పొద్దున్నుంచి నిలబడి చేసింది, ఏం చెప్తాను" అన్నారు. ఆ మాటకి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడే అఫ్జల్‌గంజ్ బస్సెక్కి బేగంబజార్ వెళ్లాను. డ్రైఫ్రూట్స్ దుకాణంలో పెద్దాయన ధర చెప్పకముందే ఒక వాల్‌నట్ తీసి నా చేతిలో పెట్టి "పహ్లే చఖో అమ్మా", ముందు రుచి చూడమ్మా, అన్నాడు. పైన పొర లేత గోధుమ రంగులో ఉంది, మా ఇంట్లోవి ముదురు కాఫీ రంగుకి తిరిగాయి. వేళ్లతో విరిస్తే టప్పున విరిగింది, లోపల తెల్లగా ఉంది. మావి విరిగేవి కావు, మెత్తగా వంగేవి. మన దేశంలో పండే వాల్‌నట్స్‌లో చాలావరకు కశ్మీర్‌వే, కోత సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో. అంటే మే నెలలో మన చేతికొచ్చే కశ్మీర్ సరుకు ఎంత కొత్తదైనా ఏడెనిమిది నెలల కిందటిదే. నూరు గ్రాముల వాల్‌నట్స్‌లో దాదాపు 65 గ్రాములు కొవ్వే ఉంటుంది, అది కూడా గాలి, వేడి తగిలితే తొందరగా చెడే రకం. హైదరాబాద్ ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే రోజుల్లో వంటింటి అలమరలో పెడితే ఇంకేం మిగులుతుంది? అప్పటినుంచి కొన్న గంటలోపే గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడుతున్నాను. ఇంకో మాట, సూపర్ మార్కెట్లో సీలు వేసిన ప్యాకెట్లని రుచి చూసే వీలే లేదు. ప్యాకింగ్ తేదీ ఎక్కడో మడతలో, భూతద్దం పెడితే గానీ కనబడనంత చిన్నగా వేస్తారు. వందలకి వందలు పోసి కొనేవాళ్లకి ఆ మాత్రం తెలియనివ్వాలి కదా.

వాల్‌నట్స్ మంచివి దొరకకపోతే పలాస జీడిపప్పు వేయండి, ఏ తప్పూ లేదు. చాక్లెట్ కేకంటే వాల్‌నట్సే ఉండాలని ఎవరో పెట్టిన రూలు, నేను ఒప్పుకోను.

ఏ నట్ అయినా పచ్చిగా వేయకండి. మూకుడులో నూనె లేకుండా సిమ్‌లో ఆరేడు నిమిషాలు, కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, పూర్తిగా చల్లారాక తరగండి. పచ్చివి పిండిలోని తడికి మెత్తబడి, కేకులో ఉడికిన పల్లీల్లా తగులుతాయి.

ఇక అడుగుకి దిగడం. అందరూ మైదాలో దొర్లించి వేయమంటారు. నా అనుభవంలో దానివల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. అసలు సంగతి పిండి పలచనైపోవడం, ముక్కలు పెద్దవైపోవడం. పిండి బజ్జీల పిండి కంటే ఒక పిసరు చిక్కగా ఉండాలి, గరిటె ఎత్తితే ధారగా కారకూడదు, ముద్దగా జారాలి. ముక్కలు శనగగింజంత చేసి, సగం పిండిలో కలిపి, మిగతా సగం గిన్నెలో పోశాక పైన చల్లండి. పైన చల్లినవి ఎక్కడికీ పోవు.

కొలతలు నేను వాడేవి చెప్తాను. మైదా 170 గ్రాములు, కోకో పొడి 30 గ్రాములు, వంటసోడా అర టీస్పూను, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, చిటికెడు ఉప్పు, ఇవన్నీ కలిపి రెండుసార్లు జల్లించండి. పాలల్లో కలుపుకునే చాక్లెట్ పొడి కోకో కాదు, అందులో చక్కెరే ఎక్కువ. వేరే గిన్నెలో రెండు గుడ్లు, 150 గ్రాముల చక్కెర పొడి బాగా గిలక్కొట్టి, 100 మిల్లీలీటర్ల సన్‌ఫ్లవర్ నూనె, 100 గ్రాముల కాస్త పుల్లటి పెరుగు, మూడు పెద్ద చెంచాల వేడి కాఫీ డికాషన్ వేయండి. పల్లీ నూనె వద్దు, దాని వాసన కోకోని కప్పేస్తుంది. వెన్న బదులు నూనె ఎందుకంటే, నూనెతో చేసిన కేకు ఫ్రిజ్‌లో పెట్టినా గట్టిపడదు. పెరుగులోని పులుపు సోడాతో కలిసే కేకు గుల్లబారుతుంది, అందుకని తియ్యటి పెరుగు వాడకండి, సోడా కూడా పెంచకండి. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. పొడులు వేశాక ఒకే వైపు నెమ్మదిగా, పిండి కనబడనంతవరకే కలపండి. 75 గ్రాముల నట్స్ చాలు.

కుక్కర్ విషయంలో చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మూతకున్న గ్యాస్కెట్ రబ్బరు, పైన వెయిట్ రెండూ తీసేయాలి, నీళ్లు పోయకూడదు. అడుగున కప్పున్నర రాళ్ల ఉప్పు పరిచి, దాని మీద స్టాండు పెట్టి, మూత పెట్టి మీడియం మంట మీద పది నిమిషాలు వేడి చేయండి. తర్వాత నూనె రాసి, కాగితం పరిచి, పిండి పోసిన ఏడు అంగుళాల గిన్నెని దించి, మూత పెట్టి సిమ్‌లో పెట్టండి. నలభై నిమిషాలదాకా మూత జోలికి వెళ్లొద్దు. మధ్యలో తీస్తే వేడి పోయి నడుమ కుంగిపోతుంది. తర్వాత కొత్త చీపురుపుల్ల కడిగి గుచ్చి చూడండి, తడి పిండి అంటకపోతే అయినట్టే, అంటితే ఇంకో అయిదు నిమిషాలు. పాత కుక్కరే వాడండి, నీళ్లు లేకుండా అంతసేపు మంట మీద ఉంటే రంగు మారుతుంది. ఓవెన్ లేదని చిన్నబుచ్చుకోకండి. నా దృష్టిలో కుక్కర్ కేకే ఎక్కువ తేమగా ఉంటుంది.

దించాక పది నిమిషాలాగి బోర్లించండి, పూర్తిగా చల్లారాక మూతపెట్టి మర్నాడు కోయండి. ఒక రాత్రి గడిస్తే కోకో రుచి సర్దుకుంటుంది. మా ఇంట్లో ఎవరూ ఆగరు, అది వేరే సంగతి.

ఒక్క కోరిక. కష్టపడి చేసిన కేకుని దయచేసి ఎవరి మొహానికీ పూయనివ్వకండి. ఈమధ్య ఏ పుట్టినరోజుకి వెళ్లినా కేకు కోసీ కోయకముందే మొహాలకి రుద్దడమే. పోయినేడాది మా బంధువుల ఇంట్లో ఒక పిల్లాడి కంట్లో క్రీమ్ పడి గంటసేపు ఏడ్చాడు. తినే వస్తువుని అలా చేస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. క్రీమ్ లేని కేకు చేస్తే ఆ బాధ కూడా తప్పుతుంది, ముక్క కోసి చేతిలో పెట్టడమే.

బేగంబజార్ నుంచి తెచ్చిన వాల్‌నట్స్‌తో ఆ ఆదివారమే మళ్లీ చేశాను. నాన్న చాయ్‌లో ముంచుకుని రెండు ముక్కలు తిని, మూడోది కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని పార్కుకి వెళ్లారు, స్నేహితులకి చూపించాలని.

మీ కుక్కర్ ఎన్ని లీటర్లదో రాయండి. మూడు లీటర్లదైతే ఏడు అంగుళాల గిన్నె పట్టకపోవచ్చు, దానికి తగ్గట్టు కొలతలు సగం చేసి చెప్తాను.