యానాం పాత చర్చి చూడ్డానికి క్రైస్తవులు కానివాళ్లు వెళ్లొచ్చా?

హాయిగా వెళ్లొచ్చు. యానాం సెయింట్ ఆన్స్ కేథలిక్ చర్చి ఫ్రెంచివాళ్ల హయాంలో, 1846లో పూర్తయింది. ఇప్పటికీ అక్కడ పూజ జరుగుతుంది కాబట్టి ఆదివారం పొద్దున్న, పెళ్లిళ్లప్పుడు, శ్రమల కాలం (ఈస్టర్ ముందు ఉపవాస దినాలు) శుక్రవారాల్లో చూడ్డానికని వెళ్లకండి. మామూలు రోజు పూజ అయ్యాక మేలు. వేళలు అక్కడే కనుక్కోండి.

చెప్పులు బయట విడవండి. ఆడవాళ్లు తలమీద కొంగో చున్నీయో కప్పుకుంటే బాగుంటుంది.

కేథలిక్ చర్చిల్లో మందసం అనే పెట్టె దగ్గర ఓ చిన్న దీపం వెలుగుతుంటుంది, చాలాచోట్ల ఎర్రగాజులో. ఆ పెట్టె లోపల దివ్యసత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరమని నమ్మే రొట్టె, ఉందని దానర్థం. వచ్చినవాళ్లు అటు తిరిగి మోకాలు వంచేది అందుకే. ఎవరూ లేరు కదా అని పీఠం మెట్లెక్కి ఫొటోలు దిగడం చాలా తప్పు.

పూజ మధ్యలో వెళ్తే వెనక కూర్చోండి, అందరూ లేచినప్పుడు లేవండి. సత్ప్రసాదం వరసలో మాత్రం నిలబడొద్దు. గుళ్లో ప్రసాదంలా అందరికీ పంచేది కాదది, ఆ సంస్కారం పొందిన కేథలిక్కులకే ఇస్తారు. తెలియక చెయ్యి చాపేవాళ్లు ఎక్కువ, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

నర్సాపురం వైపు పద్ధతి వేరు. 1836లో ఇండియాకి వచ్చిన బౌడెన్, బీర్ దొరలతో మొదలైన గోదావరి డెల్టా మిషన్ బ్రదరన్ (ఓ ప్రొటెస్టెంట్ శాఖ) సంఘాలవి. విగ్రహాలుండవు, ఆదివారం రొట్టె విరిచే ఆరాధనే ముఖ్యం. రొట్టె మీదాకా వస్తే తీసుకోకుండా పక్కవాళ్లకి అందించండి, ఎవరూ ఏమీ అనుకోరు.